గానుగ నూనె దుకాణానికి ఫ్రీలాన్స్ డిజైనర్ సరిపోతారా, ఏజెన్సీకే వెళ్లాలా?

ప్రశ్న: నాగోల్ గానుగ

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా కలిసి హైదరాబాద్ నాగోల్‌లో నాలుగేళ్లుగా చెక్క గానుగ నడుపుతున్నాము. పల్లి, నువ్వు, కుసుమ, కొబ్బరి నూనెలు తీసి అమ్ముతాము. ఇంతకాలం చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వారు స్టీలు క్యాన్లు తెచ్చుకుని పోయించుకుని వెళ్లేవారు కాబట్టి దుకాణానికి ఒక గుర్తు, సీసాకు ఒక లేబులు ఉండాలన్న ఆలోచనే మాకు రాలేదు. సీసాల్లో ఇవ్వవలసి వచ్చినప్పుడు జిరాక్స్ షాపులో కొట్టించిన తెల్ల కాగితపు చీటీ అంటించి ఇచ్చాము. వారం తిరగకముందే ఆ చీటీ నూనె పీల్చుకుని అక్షరాలు కనపడకుండా పోయేది, అయినా ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఎల్బీ నగర్ వైపున్న రెండు సూపర్ మార్కెట్ల వారు మా నూనె రుచి చూసి, సరైన లేబులు, బార్‌కోడు ఉంటే అరలో పెడతామన్నారు. కార్తీక మాసంలో నువ్వుల నూనెకు గిరాకీ పెరుగుతుంది కనుక దానికి ముందే పని పూర్తి చేసుకోవాలని మా ఆశ. ఒక లోగో, నాలుగు నూనెలకు నాలుగు లేబుళ్లు, దుకాణం ముందు బోర్డు, వాట్సాప్‌లో పంపుకోవడానికి ధరల పట్టిక: మాకు కావలసినవి ఇవే.

విచారిస్తే మూడు దారులు కనిపించాయి. ఒక డిజైన్ ఏజెన్సీ వారు నెలకు 40,000 రూపాయల చొప్పున కనీసం ఆరు నెలలకు ఒప్పందం చేసుకోవాలన్నారు. అమీర్‌పేటలో కోర్సు పూర్తి చేసిన ఒక అబ్బాయి నెలకు 22,000 జీతానికి వస్తానన్నాడు గానీ కంప్యూటరు మేమే కొనాలి. స్నేహితుల ద్వారా తెలిసిన ఒక ఫ్రీలాన్స్ డిజైనర్, ఆవిడ ఇంటి నుంచే పని చేస్తారట, పైన చెప్పినవన్నీ కలిపి 24,000 అడిగారు. నాలుగో దారి కూడా ఒకటుంది: మా మేనల్లుడు ఫోనులో ఏదో యాప్‌తో అరగంటలో లోగో చేసి చూపించాడు, అదీ ఉచితంగా.

ఫ్రీలాన్సర్ వైపే మనసు మొగ్గుతోంది కానీ, ఒక్క మనిషిని నమ్ముకుని దిగడం మంచిదేనా అన్న జంకు కూడా ఉంది. ధర తక్కువ కావడం తప్ప ఈ పద్ధతిలో నిజమైన లాభం ఏమైనా ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

జవాబు: కొర్రల కొట్టు, కూకట్‌పల్లి

మీరు ధరలు పోల్చి చూశారు గానీ, మీ దగ్గర డిజైనరుకు ఏడాదిలో ఎన్ని రోజుల పని ఉంటుందో లెక్క వేసినట్టు లేదు. మీరు రాసిన పని అంతా నెల, నెలన్నరలో పూర్తవుతుంది. ఆ తరువాత సంక్రాంతికో బతుకమ్మకో ఒక పోస్టరు, అర లీటరు సీసా కొత్తగా తెస్తే లేబులు కొలతలు మార్చడం, ధర పెరిగితే పట్టిక సవరించడం తప్ప ఏముంటుంది? నెలకు రెండు రోజులు మించదు. ఆ రెండు రోజుల కోసం ఉద్యోగిని పెట్టుకుంటే ఏడాదికి 2,64,000 జీతం, ఏజెన్సీకి వెళితే ఆరు నెలలకే 2,40,000 అవుతుంది. నేను చిరుధాన్యాలు ప్యాకెట్లు కట్టి అమ్ముతాను. మొదట ఒక్కసారి ఒక ఫ్రీలాన్సరుకు 20,000 ఇచ్చి చేయించుకున్న పని తరువాత, పోయిన సంవత్సరం మొత్తం మీద విడివిడి పనులకు నేను పెట్టినది 9,000 మాత్రమే. పని ఉన్నప్పుడు పిలుస్తాము, లేనప్పుడు ఆయన దారి ఆయనది, మన దారి మనది.

అయితే నా దృష్టిలో అసలు లాభం డబ్బు కాదు. ఫ్రీలాన్సర్ దగ్గరికి వెళ్లక ముందు నేను కూడా ఒక ఏజెన్సీతో మూడు నెలలు నడిచాను. అక్కడ నాతో మాట్లాడే మనిషి వేరు, ఆయన చెప్పింది రాసుకునే మనిషి వేరు, బొమ్మ వేసే మనిషి వేరు. నేను కొర్రలు అన్నాను. మూడు చేతులు మారి డిజైనరు దాకా చేరేసరికి అవి సజ్జలయ్యాయి, ప్యాకెట్ మీద సజ్జ కంకి నిలబడింది. సరిచేయమంటే మళ్లీ అదే వరుసలో వెనక్కి ప్రయాణం చేయాలి, ఒక్కో సవరణకు వారం. ఫ్రీలాన్సర్ పద్ధతిలో గీసే చేతితోనే మనం నేరుగా మాట్లాడతాము. నేను పెట్టుకున్న డిజైనరు మొదటి రోజే కొట్టుకు వచ్చి, ఒక మూల స్టూలు వేసుకుని రెండు గంటలు ఊరికే కూర్చున్నారు. వచ్చిన పెద్దవాళ్లలో చాలామంది ప్యాకెట్‌ను కళ్లకు దగ్గరగా, మళ్లీ దూరంగా పెట్టుకుని "ఇవి కొర్రలా, అండుకొర్రలా" అని మా అబ్బాయిని అడగడం ఆయన చూశారు. మర్నాడు పంపిన నమూనాలో మా బ్రాండు పేరు చిన్నదైంది, ధాన్యం పేరు తెలుగులో అరచేయంత అయింది. నా పేరు చిన్నదైందని మొదట నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, కానీ ఆ తరువాత ఆ ప్రశ్న అడిగేవారు బాగా తగ్గిపోయారు.

ఇంకొక సంగతి. ఫ్రీలాన్సర్లలో ఒక్కొక్కరిది ఒక్కో దారి: పెళ్లిపత్రికల వారున్నారు, పుస్తకాల అట్టలు వేసేవారున్నారు, సోషల్ మీడియా పోస్టులు మాత్రమే చేసేవారున్నారు. మీరు తప్పనిసరిగా ఆహార ప్యాకింగ్ చేసిన అనుభవం ఉన్నవారినే ఎంచుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) వారి 14 అంకెల లైసెన్సు నంబరు, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, గరిష్ఠ ధర, తయారీ తేదీ, ఫిర్యాదులకు ఫోను నంబరు ఇవన్నీ ఎక్కడ ఉండాలో, నికర పరిమాణం అంకెలు లేబులు వైశాల్యాన్ని బట్టి కనీసం ఎంత ఎత్తు ఉండాలో వారికి ముందే తెలిసి ఉంటుంది. నూనె విషయంలో లీటర్లతో పాటు బరువు కూడా వేయాలి. కార్తీక దీపాల కోసం తినడానికి పనికిరాని నూనెను విడిగా అమ్మే ఆలోచన మీకుంటే, 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం దాని మీద ఆకుపచ్చ చుక్క ఉండకూడదు, నల్ల గీతల చతురస్రంలో నల్లటి ఇంటూ గుర్తు ఉండాలి. కోర్సు ఇప్పుడే ముగించిన అబ్బాయికైనా మీ మేనల్లుడికైనా ఇవి మీరే నేర్పవలసి వస్తుంది.

జవాబు: ప్రెస్సు పెద్దాయన

చిక్కడపల్లిలో ముప్పై ఏళ్లుగా ప్రెస్సు నడుపుతున్నాను. మీ మేనల్లుడి లాంటివారు ఫోనులో చేసిన లోగోలు మా దగ్గరికి రోజూ వస్తాయి. ఫోను తెర మీద ముచ్చటగానే ఉంటాయి. బోర్డుకు పది అడుగులు పెంచేసరికి అంచులు గళ్లు గళ్లుగా విడిపోతాయి, ఎందుకంటే అవి చుక్కలతో చేసిన బొమ్మలే గానీ గీతలతో కట్టినవి కావు. తెర మీది రంగులు వెలుగుతో ఏర్పడతాయి, మా యంత్రం వేసే రంగులు నాలుగు సిరాలతో ఏర్పడతాయి. అందుకే తెర మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీదికి వచ్చేసరికి వాడిన ఆకు రంగవుతుంది. కట్టింగులో తేడా వస్తే సర్దుకోవడానికి అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్లు రంగు ఎక్కువగా వదలాలి, అదీ ఉండదు. ఇవన్నీ సరిచేసి ఇవ్వమంటే మా ఆపరేటరు చేస్తాడు, కానీ అది డిజైను కాదు, మరమ్మతు.

అనుభవం ఉన్న ఫ్రీలాన్సర్ వల్ల కలిగే లాభం నాకు ప్రెస్సు గడప దగ్గర కనిపిస్తుంది. పేరు మోసిన పెద్ద సంస్థల నుంచి మాకు ఫైలు మెయిల్లో వస్తుంది, దాని వెనుక మనిషి రాడు. ఫ్రీలాన్సర్లలో మంచివారు మొదటి ప్రూఫ్ (పరీక్ష ముద్రణ) తీసే రోజున తామే వచ్చి నిలబడతారు. మీ నూనె సీసాల సంగతే తీసుకోండి. మామూలు క్రోమో కాగితం స్టిక్కరు మీద లేబులు వేస్తే మీ జిరాక్స్ చీటీకి పట్టిన గతే దానికీ పడుతుంది, ప్లాస్టిక్ ఫిల్మ్ స్టిక్కరు మీద వేసి పైన లామినేషన్ చేయాలి. పారదర్శకమైన స్టిక్కరు కావాలనుకుంటే రంగుల కింద తెల్ల సిరా పొర ఒకటి పడాలి, లేకపోతే నూనె పసుపు రంగు కింది నుంచి తొంగిచూసి మీ నీలాన్ని ఆకుపచ్చగా మార్చేస్తుంది. బార్‌కోడును ఎరుపు గీతలతో అందంగా వేయించుకున్న ఒక పార్టీ రెండు వేల లేబుళ్లు పారేసుకున్నారు, ఎందుకంటే స్కానరు ఎర్రటి వెలుతురులో ఎర్ర గీతలు దానికి తెల్లగానే కనిపిస్తాయి. ఇలాంటివి కంప్యూటరు ముందు కూర్చుంటే తెలియవు, ప్రెస్సుల చుట్టూ తిరిగిన కాళ్లకే తెలుస్తాయి.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం ఎవరినీ, ఫ్రీలాన్సరునైనా సరే, గుడ్డిగా నమ్మకండి. మీ లేబుల్ మీద ఎలాగూ "స్వచ్ఛమైన" అన్న మాట వేయిస్తారు. ఈ నగరంలో ఆ మాటకు ఛ వత్తు సరిగ్గా పడిన బోర్డులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషలకు కావలసిన అమరిక ఎంచుకోకపోతే వత్తు కింద చేరకుండా పొల్లు పెట్టుకుని పక్కన నిలబడుతుంది. తెలుగు చదవలేని డిజైనరుకు అది తప్పని కూడా తెలియదు. ఇంకొందరు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసి, అక్షరాలను గీతల బొమ్మలుగా, అంటే కర్వ్స్‌గా మార్చకుండానే ఫైలు పంపుతారు. మా యంత్రంలో ఆ ఫాంటు లేకపోతే తెలుగు స్థానంలో ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. కాబట్టి మీరు పెట్టుకునే వ్యక్తి తెలుగు చదివి రాయగలరా అన్నది ధర కంటే ముందు అడగండి. ఫ్రీలాన్సరును ఎంచుకోవడంలో ఉన్న సౌకర్యం అదే, ఆ ప్రశ్న ఆ మనిషినే అడగవచ్చు.

జవాబు: నుమాయిష్ స్టాల్

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా వినండి. మాది చేనేత దుప్పట్ల వ్యాపారం, ఏటా నాంపల్లిలో జరిగే పెద్ద ప్రదర్శన నుమాయిష్‌లో స్టాలు పెడతాము. జనవరి 1న ప్రారంభం అంటే ఆ తేదీ మనకోసం ఆగదు. రెండేళ్ల క్రితం స్టాలు అలంకరణ, బ్యానర్లు, ధరల చీటీలు అన్నీ ఒక ఫ్రీలాన్సరుకు అప్పగించాను. మంచి పనివాడే, ముందు సంవత్సరం చాలా బాగా చేశాడు. డిసెంబరు మూడో వారంలో అతనికి జ్వరం వచ్చి మంచం పట్టాడు, ఫోను స్విచ్ఛాఫ్. అతనిని తప్పు పట్టడం న్యాయం కాదు, కానీ నా దగ్గర ఉన్నది వాట్సాప్‌లో పంపిన బొమ్మలు మాత్రమే, అసలు ఫైళ్లు అతని ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. చివరికి ఇంకొకరి చేత మా లోగోను మొదటి నుంచి మళ్లీ గీయించుకోవలసి వచ్చింది, అది కొద్దిగా తేడాగానే వచ్చింది. ఇప్పటికీ మా పాత సంచుల మీద ఒక లోగో, కొత్త సంచుల మీద ఒక లోగో ఉంటాయి.

ఏజెన్సీలో ఒకరు సెలవు పెడితే ఇంకొకరు కూర్చుంటారు. దాటరాని తేదీ ఉన్న పనికి నేను ఇప్పుడు ఏజెన్సీకే వెళుతున్నాను, మిగిలిన ఏడాదంతా ఫ్రీలాన్సరే. మీకు కార్తీక మాసం అలాంటి తేదీ అయితే ఆలోచించుకోండి.

జవాబు: గీతల బతుకు

నేను పదకొండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను, అందులో మొదటి అయిదేళ్లు ఏజెన్సీలో ఉద్యోగిని, ఆ తరువాత ఫ్రీలాన్సర్‌ని. కాబట్టి నా మాటలో కొంత స్వపక్షం ఉంటుందని ముందే ఒప్పుకుంటాను.

పైన చెప్పిన దుప్పట్ల వ్యాపారి గారి బాధ నిజం. అయితే ఆ నష్టానికి కారణం జ్వరం కాదు, ఫైళ్లు చేతికి రాకపోవడం. ఏజెన్సీ మూతపడినా ఇదే జరుగుతుంది. పని పూర్తయిన రోజునే ఏఐ (ఇల్లస్ట్రేటర్) లేదా సీడీఆర్ (కోరల్ డ్రా) మూలఫైలు, కర్వ్స్ చేసిన పీడీఎఫ్, వాడిన ఫాంట్ల పేర్లు, రంగుల అంకెలు తీసుకోండి. వాట్సాప్‌లో బొమ్మగా కాకుండా డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకోవాలి, ఎందుకంటే వాట్సాప్ బొమ్మను కుదించి పంపుతుంది. ఆఖరి విడత డబ్బు ఆ ఫైళ్లు చేతికి వచ్చాకే ఇస్తామని మొదటే చెప్పండి. నిజాయితీగా పని చేసేవారెవరూ దీనికి నొచ్చుకోరు. నా మట్టుకు నేను పని మొదలుపెట్టేటప్పుడు సగం, నమూనా ఖరారైనప్పుడు పావు, ఫైళ్లు ఇచ్చేటప్పుడు పావు తీసుకుంటాను. ఎన్ని సవరణలు ఉచితమో కూడా ముందే రాసుకుంటాము, లేకపోతే "ఇంకొంచెం పెద్దగా" అన్న మాటకు అంతు ఉండదు.

హక్కుల సంగతి చాలామందికి తెలియదు కనుక కొంచెం వివరంగా చెబుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా ఉద్యోగి గీసిన దాని మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. ఫ్రీలాన్సర్ మీ ఉద్యోగి కారు. అందుచేత మీరు డబ్బు ఇచ్చినంత మాత్రాన లోగో మీద కాపీరైట్ దానంతట అదే మీకు రాదు, సాధారణంగా అది గీసినవారి దగ్గరే ఉంటుంది. దానిని మీకు బదిలీ చేస్తున్నట్టు కాగితం మీద రాసి వారు సంతకం చేయాలి. 19వ సెక్షన్ ప్రకారం ఆ కాగితంలో కాలం రాయకపోతే బదిలీ 5 సంవత్సరాలకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం చేసుకుంటారు. మీ నూనె అమెరికాలో ఉన్న పిల్లల దాకా వెళ్లే అవకాశం ఉంది కాబట్టి "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అన్న మాటలు తప్పక రాయించుకోండి. ఒక పేజీ చాలు.

మేనల్లుడు చేసిన లోగో గురించి కూడా ఒక మాట. అలాంటి యాప్‌లలోని తయారు నమూనాలు ఎవరైనా వాడుకోవచ్చు, అంటే ఆ గానుగ బొమ్మే రేపు వనస్థలిపురంలో ఇంకో నూనె సీసా మీద కనిపించినా మీరు ఏమీ అనలేరు, ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవాలన్నా చిక్కే. వంటనూనెలు ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో 29వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, నమోదైతే పదేళ్లు చెల్లుతుంది. "గానుగ నూనె" అన్న మాట మాత్రం అందరిదీ, దానిని మీ ఒక్కరి సొంతం చేసుకోవడం కుదరదు. అందుకే పేరు, గీత రెండూ కొత్తగా ఉండాలి.

ఖర్చులో ఇంకో చిన్న తేడా ఉంది. ఏజెన్సీ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, వారు చెప్పిన 40,000 దాని ముందు ధరా తరువాత ధరా అన్నది అడగండి. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయం ఉన్న ఫ్రీలాన్సర్లకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు.

ఫ్రీలాన్సర్ల వైపు ఉన్న అసలు బలహీనత ఏమిటంటే, ఒకేసారి మూడు నాలుగు పనులు ఒప్పుకుంటాము. దసరా, దీపావళి ముందు అందరికీ అన్నీ కావాలి. కార్తీకానికి లేబులు కావాలంటే శ్రావణంలోనే పని మొదలుపెట్టించండి.

నాగోల్ గానుగ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ డిజైనర్ గారితో మాట్లాడాను. మొదట తెలుగు సంగతి అడిగాను. నవ్వి, "స్వచ్ఛమైన" అని తన చేత్తో కాగితం మీద రాసి ఫొటో పంపారు, ఛ వత్తు సరిగ్గానే ఉంది. మూలఫైళ్లు, హక్కుల బదిలీ కాగితం 24,000లోనే కలిపి ఇస్తానన్నారు. ఇదివరకు పచ్చళ్లకు, తేనెకు లేబుళ్లు చేశారట, నూనె మాత్రం ఇదే మొదటిసారి. ఆదివారం గానుగ తిరుగుతుండగా చూడడానికి వస్తానన్నారు. కొర్రల కొట్టు వారి డిజైనరు కొట్టులో రెండు గంటలు కూర్చున్నారని చెబితే, తాను పూట మొత్తం కూర్చుంటానన్నారు. మేనల్లుడు కొంచెం ముఖం చిన్నబుచ్చుకున్నాడు కానీ, వాట్సాప్ స్టేటస్‌లు వాడికే అప్పగించాము.

ప్రెస్సు పెద్దాయన గారికి ఒక ప్రశ్న. లేబుళ్లు ఒకేసారి రెండు మూడు వేలు వేయించకుండా, ముందుగా కొద్దిగా వేయించి చూడడం సాధ్యమేనా?

ప్రెస్సు పెద్దాయన

సాధ్యమే. డిజిటల్ యంత్రం మీద వంద కూడా వేసుకోవచ్చు, ఒక్కోదానికి ధర ఎక్కువ పడుతుంది గానీ మొత్తం మీద చిన్న ఖర్చే. నాలుగు రకాల సీసాలకూ అంటించి, మూత దగ్గర కావాలనే నాలుగు చుక్కల నూనె కారనిచ్చి, మేడ మీద రెండు రోజులు ఎండలో పెట్టండి. అంచులు లేచాయా, రంగు కారిందా, తడి చేత్తో రుద్దితే తయారీ తేదీ చెరిగిందా అని చూసుకుని, ఆ సీసాలను మీ డిజైనర్ గారికి కూడా చూపించి అప్పుడు పెద్ద ఆర్డరు ఇవ్వండి.